సర్వర్ గదిలో చుక్కల అట్ట

"హోసూరులో రెండే రెండు గొప్ప బుర్రలుండాయి ప్రసాదప్పా. రెండూ నావే" అన్నాడు యతీశ్, భూతద్దాన్ని చొక్కా అంచుతో తుడుచుకుంటూ.

రెండోది ఎక్కడ పెట్టుకున్నాడో నేను అడగలేదు. ఆ సోమవారం పొద్దున నా తిప్పలు నాకున్నాయి.

అది రెండువేల రెండు, ఏప్రిల్. నేను తెనాలి వైపు నుంచి వచ్చి, హోసూరులో ఒక చిన్న విడిభాగాల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. ఏడు కంప్యూటర్లు, వాటికి పెద్దన్న ఒక సర్వర్, దానికో గది, ఆ గదికో ఏసీ. ఫ్యాక్టరీ మొత్తానికి ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే. ఓనరు నాగేశప్పగారికి కూడా ఫ్యానే గతి. ఆ పొద్దున నేను వెళ్ళేసరికి ఆ గది తలుపు మీద, తాళం చుట్టూ, ఎవరో ఇనుప ముక్కతో పెకలించబోయినట్టు గీతలే గీతలు. తాళం మాత్రం రాలేదు.

నాగేశప్పగారికి చెమటలు పట్టాయి. మర్నాడు పదకొండింటికి బెంగుళూరు కంపెనీ నుంచి తనిఖీకి వస్తున్నారు. వాళ్ళ డ్రాయింగులన్నీ మా సర్వర్లోనే ఉన్నాయి. అవి భద్రంగా ఉన్నాయని నమ్మితేనే కొత్త ఆర్డరు.

"నిన్న ఆదివారం డ్యూటీ ఎవరిది?" అన్నారు.

"నాదే సార్" అన్నాడు వాచ్‌మన్ గుర్రప్ప. పన్నెండేళ్ళ నౌకరీ ఆయనది.

"ఎవరొచ్చినారు?"

గుర్రప్ప పైకప్పు వైపు చూశాడు. "చెప్పలేను సార్."

"తెలీదా, చెప్పలేవా?"

"చెప్పలేను సార్."

"రేపు పదకొండు లోపల చెప్పకుంటే నీ సైకిలెక్కి ఇంటికి పో. మళ్ళా రావద్దు."

నాకు ప్రాణం ఉసూరుమంది. గుర్రప్ప కూతురు రంజిత పాలిటెక్నిక్ మొదటి సంవత్సరంలో ఉంది. ఆ అమ్మాయి దరఖాస్తు నింపింది నేనే. ఈ నౌకరీ పోతే ఆ చదువూ పోతుంది.

సరిగ్గా అప్పుడే మా స్టోర్‌కీపర్ యతీశ్ రంగంలోకి దిగాడు. అంతవరకు ఆయనగారు ఛేదించిన కేసు ఒక్కటే, క్యాంటీన్‌లో మాయమైన టిఫిన్ క్యారియర్. మూడు రోజులు వెతికి, తన స్కూటర్‌కే తగిలించి ఉండగా పట్టుకున్నాడు.

"తలుపు తెరువు. నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా ఏదో ఒకటి వదిలిపోతాడు" అన్నాడు.

నిజంగానే వదిలిపోయాడు. తలుపు వెనకాలే, నేల మీద, నల్లకాగితంలో చుట్టిన పలచటి పొట్లం ఒకటి ఉంది.

"ముట్టద్దు!" అని అరిచి తనే ముట్టుకున్నాడు. విప్పితే ఒక అట్ట. దాని మీద ఇరవై సున్నాలు. ఒక్కో సున్నా నిండా, ఆవగింజకంటే చిన్నవి, బూడిదరంగు చుక్కలు, వందలకొద్దీ.

యతీశ్ భూతద్దం దించాడు. "తాళం రాలేదు. ఏమీ పోలేదు. ఐనా లోపలికి ఇది వచ్చి ఉండాది! ప్రసాదప్పా, కంప్యూటర్ భాషంతా సున్నాలూ ఒకట్లే గదా?"

"అవును."

"సున్నాలు ఈడుండాయి. ఒకట్లు గ్యాంగు చేతిలో ఉండాయి!"

"మిషన్ షాపులో పనివాళ్ళకెవరికన్నా చూపిద్దామా?"

"చీమక్కూడా తెలియకూడదు!"

షాపులో సగం మంది కెలమంగలం వాళ్ళు. వాళ్ళలో ఎవరికి చూపించినా కేసు అర నిమిషంలో తేలిపోయేది. కోస్తావాణ్ణి నాకేం తెలుసు? యతీశ్ మామిడితోటల వాడు, వాడికీ తెలియదు.

ఆ మధ్యాహ్నమంతా సర్వర్‌కు కట్టుదిట్టం జరిగింది. యతీశ్ గురుబరపల్లి పోయి, మామగారి గొర్రెల మెడల్లోంచి పదకొండు గంటలు విప్పుకొచ్చి తలుపుకు కట్టాడు. సర్వర్‌కు సైకిల్ చైను చుట్టి తాళం వేశాడు. చుక్కల అట్టను సర్వర్ నెత్తిమీదే పరిచి, "వెలుతురులోనే రహస్యం బయటపడుతుంది" అని ట్యూబ్‌లైటు ఆర్పకుండా వదిలేశాడు. ఆఖరుకు, ఓనరు చెప్పారని నేను కీబోర్డు అప్పగిస్తే, ముప్ఫై అక్షరాల కొత్త పాస్‌వర్డు పెట్టాడు. నన్ను బయటికి పంపి, ఒక్కో అక్షరమే గట్టిగా చదువుకుంటూ కొట్టాడు. కొట్టడం అయ్యాక వెనక్కి తిరిగితే గుమ్మంలో టీ గ్లాసుతో గుర్రప్ప.

"విన్నావా?"

"చెవులుండాయి గదప్పా."

"ఎవరికీ చెప్పనని రంజిత మీద ఒట్టెయ్! నేనే వచ్చి అడిగినా చెప్పద్దు. గ్యాంగు లీడరు నా వేషంలో రావచ్చు."

"ఒట్టు" అన్నాడు గుర్రప్ప, టీ కిందపెట్టి. 

మంగళవారం పది ముప్పావుకు బెంగుళూరు నుంచి సుధామణి అనే ఆవిడ ఫైలు పట్టుకొని దిగింది. నాగేశప్పగారు వంగి వంగి దండాలు పెట్టి ఆమెను సర్వర్ గదికి తీసుకొచ్చారు. తలుపు తీయగానే గంటలు గలగలమన్నాయి.

"గొర్రెలున్నాయా లోపల?" అంది ఆవిడ.

లోపలున్నవి గొర్రెలు కావు. అట్ట మీద చుక్కలు తెల్లబడి ఉన్నాయి. సర్వర్ నెత్తి మీద, చైను మీద, కీబోర్డు మీద నల్లని నూలుపోగు ముక్కల్లాంటివి వేలకొద్దీ కదులుతున్నాయి.

"సార్! కోడు నడుస్తా ఉండాది!" యతీశ్ కెవ్వుమన్నాడు. "వైరస్! వైరస్!"

వెనక్కి గెంతాడు. కాలు చైనులో పడింది, చెయ్యి గంటల తాడులో పడింది, మనిషి నేలమీద పడ్డాడు. ఆ మోతకు షాపంతా పరుగెత్తుకొచ్చింది. ఆ గుంపును మోచేతులతో చీల్చుకుంటూ, చంకన బుట్టతో ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. నాగేశప్పగారి ముఖం పాలిపోయింది. ఆమె ఆయన తల్లి, మునివెంకటమ్మ, కెలమంగలంలో పట్టుపురుగులు పెంచుతుంది.

"నా గుడ్ల అట్ట ఎవర్రా తీసింది?" అంటూనే సర్వర్ వైపు చూసింది. "అయ్యో నా బిడ్డలు! నల్లకాగితం విప్పి వెలుతుర్లో పెట్టినారా? అందుకే అన్నీ ఒక్కసారే లేచినాయి!"

బుట్టలోని లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి సర్వర్ మీద చల్లింది. నడుము దగ్గర దోపుకున్న కోడి ఈక తీసి, ఆకు పట్టుకున్న పురుగు పిల్లల్ని బుట్టలోకి ఊడవసాగింది. సుధామణి ఫైలు నాకిచ్చి, "ఇంకో ఈక ఉందా అవ్వా? మా అమ్మమ్మ ఇంట్లోనూ పెంచేవాళ్ళు" అని పక్కన చేరిపోయింది.

"అమ్మా, తాళం గీకింది నువ్వా?" అన్నారు నాగేశప్పగారు.

"మరి? డబ్బాకు చల్లగది కట్టించినావు. నా గుడ్లు ఎండకు మాడిపోతా ఉండాయంటే 'నువ్వైనా సరే రాకూడదు' అన్నావు. ఆకు కోసే కత్తితో గీకినాను, రాలేదు. తలుపు కింద చల్లగాలి వస్తా ఉంటే ఆ సందులోంచి లోపలికి తోసినాను."

నాగేశప్పగారు గుర్రప్ప వైపు తిరిగారు. "ఒక్క మాట చెప్పుంటే పోయేది గదా!"

"పెద్దమ్మకు చెప్పనని మాటిచ్చినాను సార్."

మునివెంకటమ్మ ఈక ఆగిపోయింది. "ఏమిరా నాగేశా, దీనికోసం వీణ్ణి పనిలోంచి తీస్తానన్నావా?"

ఈసారి పైకప్పు వైపు చూడటం ఓనరుగారి వంతయింది.

"నేను మొదటినించీ ఇదే అనుకున్నాను" అన్నాడు నేలమీది నుంచి యతీశ్. "వెలుతుర్లో పెడితే నేరం తనే లేచి నడుస్తుందని!"

పిల్లలన్నీ బుట్టకెక్కాక సుధామణి చేతులు దులుపుకుంది. "అవ్వ కత్తికి కూడా లొంగలేదంటే తాళం మంచిదే. ఇక మా డ్రాయింగులు చూపించండి."

అందరం యతీశ్ వైపు చూశాం. యతీశ్ రెండు బుర్రలూ గోక్కున్నాడు. ముప్ఫై అక్షరాల్లో మొదటిది కూడా గుర్తు రాలేదు.

"గుర్రప్పన్నా, నువ్వు విన్నావు గదా, చెప్పన్నా!"

"ఒట్టేయించుకున్నావు గదప్పా. నువ్వు నిజం యతీశప్పవేనని నేనెట్ల నమ్మేది?"

"నేను చెప్తా ఉండాను గదయ్యా!" అన్నారు నాగేశప్పగారు, ఏడుపు గొంతుతో.

గుర్రప్ప కీబోర్డు దగ్గరికి జరిగాడు. "చెప్పనని ఒట్టేసినాను. కొట్టనని ఒట్టేయలేదు. అందరూ గోడకల్లా తిరగండి సార్."

తిరిగాం. ఓనరు, ఓనరు తల్లి, బుట్టలో పదివేల పురుగులు, బెంగుళూరు ఆవిడ, నేను, యతీశ్, అందరం గోడకు ముఖం పెట్టి నిలబడ్డాం. వెనకాల ఒంటివేలితో టక్, టక్ మని ముప్ఫై సార్లు వినిపించింది. తర్వాత సర్వర్ సన్నగా పలికింది. నా ప్రాణం కుదుటపడింది.

"నాగేశప్పగారూ, పాస్‌వర్డు మార్చుకోండి" అంది సుధామణి, గోడతోనే. "ఈ మనిషిని మాత్రం మార్చద్దు."

"మార్చను మేడమ్" అన్నారు నాగేశప్పగారు, ఆయనా గోడతోనే.

యతీశ్ నా చెవి దగ్గరికి వంగాడు. "ప్రసాదప్పా, ఆ టైపు చేసింది... నిజం గుర్రప్పేనంటావా?"