నలభై రోజుల పచ్చాకులు

కొండల నడుమ ఉన్న ఒక పెద్ద అడవిలో రాజు లేడు, సంఘం ఉంది. ఎండాకాలంలో దొరికిన ఇప్పపువ్వు, చింతపండు, మొర్రిపప్పు తెచ్చి ఆరు గిడ్డంగుల్లో దాచడం, అప్పటిదాకా అడిగినవాళ్లకు కాస్త ఇవ్వడం, ముసురు పట్టాక అందరికీ పంచడం ఆ సంఘం పని. వానాకాలమంతా అడవి కడుపు నిండేది ఆ ఆరు గిడ్డంగుల వల్లే.

మూడో గిడ్డంగి నూకాలు చేతిలో ఉండేది. నూకాలు ఒక అలుగు, చీమలూ చెదలూ తిని బతికే జంతువు. ఒళ్లంతా పెంకులు, నోట్లో ఒక్క పన్ను లేదు, నాలుక మాత్రం మూరెడు. పొద్దున్నే గిడ్డంగి చుట్టూ తిరిగి, మద్ది దుంగల గోడలకు ముక్కు ఆనించి వాసన చూసేది. చెద పట్టినచోట గోటితో గీరి, నాలుకతో ఊడ్చేసేది. ఆమె ఉద్యోగమూ అదే, భోజనమూ అదే. పదకొండేళ్లలో ఆ గిడ్డంగిలో ఒక్క దుంగ పుచ్చిపోలేదు. ఈ సంగతి ఎవరూ గమనించలేదు, ఎందుకంటే గమనించడానికి అక్కడ ఏమీ జరగలేదు.

సంఘానికి కష్టం మరోచోట ఉంది. ఏ గిడ్డంగిలో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. లేడి చింతపండు కోసం ఒకటో గిడ్డంగికి వెళ్తే, ఐదులో అడగమనేవారు. ఐదుకు వెళ్తే, "నిన్ననే అయిపోయింది, రెండులో ఉందేమో" అనేవారు. చింతపండు చేతికొచ్చేసరికి లేడి సగమయ్యేది. అధ్యక్షుడు బండయ్య అనే ఎలుగుబంటి. ఆయన గుహ ముందు రోజూ ఇవే ఫిర్యాదులు.

సరిగ్గా అప్పుడు నిపుణేశ్వరం అనే నక్క ఊడిపడ్డాడు. పట్నం శివార్లలో చెత్తకుప్పల దగ్గర మూడేళ్లు గడిపి వచ్చాడు. ఆ మూడేళ్లనూ ఆయన 'అనుభవం' అనేవాడు.

"కూర్చున్నచోటి నుంచే అడవంతా చూడాలని ఉందా అధ్యక్షా?" అని అడిగాడు.

"లేవకుండానా?"

"లేవకుండానే."

బండయ్యకు ఆ మాట బాగా నచ్చింది.

ఏర్పాటు ఇదీ. ప్రతి గిడ్డంగి దగ్గరా ఒక చెట్టు మీద ఒక వడ్రంగిపిట్ట ఉంటుంది. గిడ్డంగివాళ్లు వచ్చి సంగతి చెబితే అది ముక్కుతో చెట్టును కొడుతుంది. ఆ చప్పుడు విని అవతలి చెట్టు మీది పిట్ట కొడుతుంది. అలా ఒకరినుంచి ఒకరు అందుకుంటూ కబురు అధ్యక్షుడి గుహకు చేరుస్తారు. ఒక టక్కు అంటే అంతా బాగుంది. రెండంటే జాగ్రత్త. మూడంటే ప్రమాదం. ఏ సరుకు ఎంతుందో చెప్పడానికి వేరే దరువులు ఉన్నాయి. గుహ ముందు ఆరు తీగలు వేలాడతాయి. కబురును బట్టి ఒక కోతి ఒక్కో తీగకు పచ్చాకో, పసుపాకో, ఎర్రాకో కడుతుంది.

నిజం చెప్పాలంటే ఏర్పాటు బాగుంది. మొదటి వారంలోనే లేడి దగ్గర్లోని పిట్టను అడిగి, తిన్నగా రెండో గిడ్డంగికి వెళ్లి, చింతపండు తీసుకుని, మధ్యాహ్నం కునుకు వేళకు ఇల్లు చేరింది. "ఈ పిట్టలు చల్లగా ఉండాలి అత్తా" అని దారిలో కనబడ్డ నూకాలుతో చెప్పింది. నూకాలుకూ సంతోషమేసింది.

ఎనిమిదో రోజున నూకాలుకు ఉత్తరపు గోడలో చెద వాసన తగిలింది. ఈసారి పెద్ద దండే దిగింది, ఒక్క నాలుకతో తెమిలే పని కాదు. పద్ధతంటూ వచ్చింది కదా అని పిట్ట దగ్గరికెళ్లి రెండు టక్కులు కొట్టించింది.

గుహ ముందు మూడో తీగకు పసుపాకు పడింది. అదే సమయానికి పక్క అడవి అధ్యక్షుడు, వరాహమూర్తి అనే అడవిపంది, ఈ కొత్త ఏర్పాటు చూడ్డానికి వచ్చి కూర్చున్నాడు. "అదేమిటి, ఒకటి అప్పుడే పండిపోయింది?" అన్నాడు. బండయ్యకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రానికల్లా నిపుణేశ్వరం మూడో గిడ్డంగి దగ్గర వాలాడు.

"సమస్య ఏమిటి నూకాలు గారూ?"

"చెద పట్టింది బాబూ. ఇద్దరు ముగ్గుర్ని సాయం పంపితే రెండ్రోజుల్లో తేలిపోతుంది."

"అది సమాచారం. సమస్య ఏమిటంటే, ఆకు పసుపుగా ఉంది."

నూకాలుకు అర్థం కాలేదు. "చెద పోతే ఆకు దానంతటదే పచ్చబడుతుంది కదా?"

"మీరింకా పాత పద్ధతిలోనే ఆలోచిస్తున్నారు" అన్నాడు నిపుణేశ్వరం జాలిగా.

మర్నాడు కొత్త నిబంధనలు వచ్చాయి. పచ్చాకుకు ఒక్క టక్కు చాలు. పసుపాకు కావాలంటే మాత్రం నలభై ఎనిమిది ప్రశ్నలకు జవాబులు కొట్టించాలి. చెద ఏ దిక్కున పట్టింది? పట్టే ముందు మీ అనుమతి తీసుకుందా? తీసుకోకపోతే మీరేం చేస్తున్నారు? ఇలా సాగుతుంది. ఎర్రాకుకు ఎన్ని ప్రశ్నలో తెలియదు, అంతదాకా వెళ్లినవాళ్లు లేరు. ఇక మీదట అన్ని గిడ్డంగులవాళ్లూ రోజుకు ఎనిమిదిసార్లు కబురు పంపాలి. మూడో గిడ్డంగి పిట్ట ఉండే చెట్టు వాగు అవతల. అంటే నూకాలు రోజుకు ఎనిమిదిసార్లు వాగు దాటి వెళ్లాలి, ఎనిమిదిసార్లు దాటి రావాలి.

"మరి చెదలు ఎప్పుడు తినను?" అని అడిగింది.

నిపుణేశ్వరం చేతిలోని తాటాకులు తిరగేశాడు. "ఆ పనికి టక్కు లేదండీ. మా ఏర్పాటులో అలాంటి పనే లేదు."

"పదకొండేళ్లుగా చేస్తున్నాను బాబూ."

"పదకొండేళ్లుగా లేని పని చేశారన్నమాట. పైకి చెప్పకండి."

ఫిర్యాదులు వినడానికి ఒక చెట్టు మీద చిలకను పెట్టారని తెలిసి, నూకాలు పెంకులు గీసుకుపోతున్నా ఆ చెట్టెక్కింది.

"మీ ఫిర్యాదు మాకు ఎంతో ముఖ్యం. దయచేసి కొమ్మ మీదే ఉండండి" అంది చిలక.

నూకాలు ఉంది. ఎండ నడినెత్తికి వచ్చింది.

"మీ ఫిర్యాదు మాకు ఎంతో ముఖ్యం" అంది చిలక మళ్లీ.

"నిజంగా వింటున్నావా తల్లీ?"

చిలక అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నాకు ఈ రెండు ముక్కలే నేర్పారు పిన్నీ. నువ్వు దిగిపో, వడదెబ్బ తగులుతుంది."

నూకాలు దిగింది. ప్రశ్నలకే జవాబు చెబుదామని పిట్ట దగ్గర కూర్చుంది. ముప్ఫై ఒకటో ప్రశ్న దగ్గరకొచ్చేసరికి తర్వాతి కబురు వేళయింది. వేళ దాటితే మళ్లీ ఒకటో ప్రశ్న నుంచి మొదలుపెట్టాలట. మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు సాయంత్రం కాళ్లు లాగేస్తుంటే వచ్చి, ఒక్క టక్కు కొట్టమంది.

పిట్ట ఆమె వైపు చూసింది. "పచ్చేనా అక్కా?"

"పచ్చే."

ఆ మాట అన్నాక నూకాలు ఇంటికొచ్చి బంతిలా చుట్టుకు పడుకుంది. ఆకలి కూడా వేయలేదు. మిగతా ఐదు గిడ్డంగులవాళ్లు అంతకుముందే అదే దారి పట్టారని ఆమెకు తెలియదు.

ఆరు తీగలూ పచ్చగా కళకళలాడాయి. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, నలభై రోజులు. బండయ్య సంబరం ప్రకటించి, పసుపాకు చూసి వెక్కిరించిన వరాహమూర్తిని ప్రత్యేకంగా పిలిపించాడు. తొలి చినుకులు పడుతుండగా అందరినీ దగ్గర్లో ఉన్న మూడో గిడ్డంగికి తీసుకెళ్లాడు. గుహ వదిలి ఆయన అంత దూరం నడవడం రెండేళ్లలో అదే మొదలు.

"నలభై రోజులు ఒక్క మచ్చ లేదు. ఈ గోడ ఎలా ఉందో చూడండి" అంటూ ఉత్తరపు గోడను అరచేత్తో చరిచాడు.

చెయ్యి లోపలికి పోయింది. వెనకే భుజం, దాని వెనక అధ్యక్షుడు. గోడకు పైతొక్క తప్ప ఏమీ మిగల్లేదు. కప్పు సగం కిందికొచ్చింది. వానకు దాచిన ఇప్పపువ్వు వానలోనే బురదైంది. బండయ్య నడుం దాకా చెదమట్టిలో కూరుకుపోయాడు.

ఇంతలో గుహ నుంచి కోతి పరుగెత్తుకొచ్చింది. "మూడో గిడ్డంగి పచ్చగానే ఉందండీ" అని చెప్పింది.

"చూశారా" అన్నాడు నిపుణేశ్వరం. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

నూకాలు ముందుకొచ్చింది. "పచ్చ అని కొట్టించింది నేనే అయ్యా. తప్పు నాదే."

బండయ్య కేకలేయడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోకి గుప్పెడు చెదలు రాలాయి. ఆయన నోరు మూసి, నమిలి, ఆగాడు. కళ్లు అరమోడ్పులయ్యాయి. ఎలుగుబంట్లకు చెదలంటే ప్రాణం. అధ్యక్షుడయ్యాక తేనె గుహకే వచ్చి పడుతుండటంతో ఆ రుచే మర్చిపోయాడు.

"ఎందుకు చెప్పలేదు నూకాలక్కా?" అన్నాడు, మెత్తబడిన గొంతుతో.

"చెప్పాను. అప్పుడొచ్చిన పసుపాకు నాదే. తమరికి తలవంపులయిందని విన్నాను."

బండయ్య ఇంకో గుప్పెడు చెదలు నోట్లో వేసుకున్నాడు. "మిగతా గిడ్డంగులు?"

"వాసన చూస్తే గానీ చెప్పలేను తమ్ముడూ. లే ముందు."

ఆ వానలోనే ఇద్దరూ బయల్దేరారు. ఐదు రోజులు గోడలు వాసన చూస్తూ, గీరుతూ, తింటూ తిరిగారు. నాలుగో గిడ్డంగి గోడ రేపో మాపో కూలేలా ఉంటే ఏనుగుల చేత దుంగలు ఆనింపజేశారు. ఐదు గిడ్డంగులూ దక్కాయి. ఆ వానాకాలం అడవి కాస్త సన్నబడింది కానీ ఎవరూ పస్తులుండలేదు.

తర్వాత జరిగిన సభలో పిట్టల్ని తరిమేయాలని అందరూ పట్టుబట్టారు. నూకాలు ఒప్పుకోలేదు. "పిట్టలేం చేశాయి? మనం చెప్పిందే చెప్పాయి. లేడిని అడగండి, పిట్టలు లేకపోతే మళ్లీ కొండలెక్కి దిగాలి."

లేడి గబగబా తలూపింది.

మూడో గిడ్డంగిని మళ్లీ కట్టి, దాని పిట్టను వాగుకు ఇవతలికి మార్చారు. రోజుకు రెండే కబుర్లు. చెదలు తినడానికీ ఒక టక్కు వచ్చింది. పసుపాకు పడినా ఎర్రాకు పడినా ప్రశ్నలుండవు. అధ్యక్షుడే నడిచొచ్చి చూడాలి.

ఈ చివరి నిబంధన బండయ్య మహా ఉత్సాహంగా పాటించాడు. ఎర్రాకు కనబడితే చాలు, పిలిచినవాళ్లకంటే ముందే గిడ్డంగి దగ్గర ఉండేవాడు. అన్నీ పచ్చగా ఉన్న రోజున దిగులుగా కూర్చుని, "సరిగ్గా చూశావా, ఒక్కటైనా పసుపు లేదా?" అని కోతిని విసిగించేవాడు.

నిపుణేశ్వరానికీ ఏ లోటూ రాలేదు. గోడ కూలిన రోజునే వరాహమూర్తి ఆయన్ని తన అడవికి తీసుకెళ్లి, అక్కడ ఇరవై గిడ్డంగులు అప్పగించాడు. కళ్ల ముందే గోడ కూలింది కదా అని ఎవరో అడిగితే, "అది గోడ కట్టినవాళ్ల లోపం. ఆకుల్లో నాకే లోపమూ కనబడలేదు" అన్నాడు.

నీతి: అంతా బాగుందని రోజూ వినాలనుంటే, బాగోలేదని చెప్పినవాళ్లను ప్రశ్నలతో చంపితే చాలు, గోడ కూలేదాకా ఏ ఇబ్బందీ ఉండదు.