దినారుకో పట్టుచీర

ఆ శుక్రవారం పొద్దున శ్రీరంగప్ప పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం సువర్ణ ఫోను చేసేలోగా చీర కొంగు నేయడం ముగించి, మగ్గం మీదుండగానే ఆమెకు ఫోన్లో చూపించాలి. సువర్ణ అతని భార్య. కువైట్‌లో ఒక మేడమ్ ఇంట్లో వంట చేస్తుంది. ధర్మవరంలో ఇల్లు కట్టుకుందామని వెళ్లింది. ఇల్లు లేచింది, రంగులు వేశారు, వేసిన రంగులు ఎండకు వెలిసిపోయాయి కూడా. మనిషి మాత్రం రాలేదు. పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంది. ఎప్పుడడిగినా మేడమ్ "వచ్చే నెల" అంటుంది. అనంతపురం ఆకాశం వాన గురించి చెప్పే మాట కూడా అదే కాబట్టి, దాని విలువ ఎంతో శ్రీరంగప్పకు బాగా తెలుసు.

ఆ ఇంట్లో తాతల నాటి పద్ధతి ఒకటుంది. మగ్గం దిగిన చీర ఊరికే పోకూడదు. కన్నకూతురైనా, కట్టుకున్న పెళ్లామైనా ఎంతో కొంత చేతిలో పెట్టి తీసుకోవాలి, లేకపోతే మగ్గం అలుగుతుంది. అందుకే అతను ఏటా కువైట్ వెళ్లేవాళ్ల చేత ఒక చీర పంపేవాడు. వచ్చేవాళ్ల చేత ఆమె ఒక దినారు నోటు పంపేది. ఆ నోట్లను అతను ఎన్నడూ మార్చలేదు. చౌడేశ్వరమ్మ పటం వెనక దాచి, మరీ బెంగగా ఉన్న రోజు తీసి వాసన చూసుకునేవాడు. ఆమె చేతి వాసన ఏమీ రాదు, కాగితం వాసనే వస్తుంది. అయినా చూసుకునేవాడు.

కొంగు ఇంకా జానెడు మిగిలి ఉండగా గుమ్మంలోకి ఉదయ్ కుమార్ వచ్చాడు. మన జిల్లా నుంచి బయటి దేశాలకు పోయే సరుకులూ సేవలూ ఎన్ని, అక్కడి నుంచి వచ్చేవి ఎన్ని అని లెక్క తీయడానికి సర్కారు వేసిన కుర్రాడు. ఉద్యోగం కొత్త, ఉత్సాహం ఇంకా కొత్త.

"ఈ మధ్య బయటి దేశానికి సరుకేమన్నా పంపినారా?" అని అడిగాడు.

"ఒక చీర పంపినా సార్, కువైట్‌కు."

"ఊరికే పంపినారా, అమ్మినారా?"

ఊరికే అంటే మగ్గానికి తప్పు. పైగా మగ్గం ఎదుటే కూర్చుని ఉన్నాడు. "అమ్మినా," అన్నాడు శ్రీరంగప్ప.

"ఎంతకు?"

"ఒక దినారు."

ఉదయ్ కుమార్ కలం ఆగిపోయింది. అసలు పట్టు, అసలు జరీ, మన మూడొందలు చేసే ఒక్క దినారుకా? కొన్నవారి పేరడిగాడు. పరాయి మగవాడి ముందు భార్య పేరు పలకాలంటే శ్రీరంగప్పకు సిగ్గు. తల వంచుకుని, గోడకు చెప్పినట్టు "సువర్ణ" అన్నాడు. ఆ తల వంపు భయమనుకున్నాడు కుర్రాడు. ధర పెంచమని ఎప్పుడైనా అడిగారా అంటే, "ఆమెతో బేరమా సార్" అని శ్రీరంగప్ప ఒక రకంగా నవ్వాడు. అది నిస్సహాయత కింద జమ అయింది. ఇంతలో లోపల ఫోను మోగింది. అతను మగ్గం గుంతలోంచి ఒక్క దూకు దూకి పరుగెత్తాడు. అసలు సంగతి అక్కడే ఉండిపోయింది.

కువైట్‌లో సువర్ణ అనే ఘరానా వ్యాపారి మన నేతగాడిని దోచుకుతింటోందని సాయంత్రానికల్లా ఆ కుర్రాడి నోటి మీదుగా వీధంతా తెలిసింది. పట్టుచీరల సావుకారు లక్ష్మీపతి మొదట మండిపడ్డాడు. తర్వాత ఆలోచనలో పడ్డాడు. దినారుకు ఒక చీర కొనే మనిషి, నాలుగు మాటలు చెబితే తన దగ్గర వెయ్యి కొనదా? అతనికి సువర్ణ ఎవరో తెలియకపోవడంలో వింతేమీ లేదు. ఆ వీధిలో ఆమెను శ్రీరంగప్ప పెండ్లాం అన్నవాళ్లేగాని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు.

అనంతపురంలో అధికారులు జరపబోయే ఎగుమతుల సభకు ఒక్క విదేశీ కొనుగోలుదారు కూడా దొరకలేదు. లక్ష్మీపతి వెళ్లి చెప్పగానే వాళ్ల ప్రాణం లేచివచ్చింది. ఆహ్వానం వాళ్లది, రానుపోను విమానం టికెట్టు తనది అన్నాడు సావుకారు. చిరునామా కోసం శ్రీరంగప్పను పిలిపించారు.

"అన్నా, ఆమె యాపారం చేసే మనిషి కాదు, ఆమె మా..."

"నువ్వు భయపడొద్దప్పా. ఆమెను ఈడికి రప్పించే పూచీ నాది."

ఈడికి రప్పించే. ఆ మాట చెవిన పడేసరికి శ్రీరంగప్ప నోరు దానంతటదే మూసుకుంది. మళ్లీ తెరిచింది చిరునామా చెప్పడానికే. వీధి, ఇంటి నంబరు, గేటు రంగుతో సహా చెప్పాడు. అది ఇల్లు కదా, దుకాణం కాదే అని ఎవరో అంటే, పెద్ద వ్యాపారులు ఇంటి నుంచే నడుపుతారని లక్ష్మీపతి సర్దిచెప్పాడు.

తరువాతి శుక్రవారం ఫోనులో సువర్ణకు జరిగిందంతా చెప్పాడు.

"తప్పు గదా?" అంది.

"తప్పే."

"ఎప్పుడు రమ్మన్నారు?"

మూడు సింహాల ముద్ర ఉన్న ఆహ్వానం చూసి మేడమ్ కంగారుపడింది. ఇన్నేళ్లూ తన ఇంట్లో గిన్నెలు తోమింది ఎంత పెద్ద మనిషోనని బీరువా తెరిచి పాస్‌పోర్టు తీసి ఇచ్చింది. ఆ పూట టీ కూడా తనే పెట్టిందట.

సభ రోజు శ్రీరంగప్పను బాధితుడిగా ముందు వరసలో కూర్చోబెట్టారు. బెంగళూరు నుంచి కారు వచ్చి ఆగింది. మామిడిపండు రంగు పట్టుచీరలో సువర్ణ దిగింది. ఎదురైతే ఏమేం చెప్పాలో అతను ఇన్నేళ్లుగా మగ్గం మీద కూర్చుని కూడబెట్టుకున్నాడు. తీరా నోటికొచ్చింది ఒక్క మాటే.

"చిక్కిపోయినావు," అన్నాడు.

"ఫోన్లో ఇంత నెరిసినట్లు కనపడలేదే," అంది ఆమె.

గజమాల పట్టుకున్న లక్ష్మీపతి చేతులు గాలిలోనే ఉండిపోయాయి. "ఈమె మన శ్రీరంగప్ప పెండ్లాం గదప్పా," అన్నాడు నీరసంగా. ఉదయ్ కుమార్ కంగారుగా కలం తీశాడు. కొన్నమాట నిజమేనా అని ఆమెనే అడిగాడు.

"దుడ్లిచ్చే తీసుకున్నా సార్. ఊరికే తీసుకుంటే మగ్గం అలుగుతాది."

కుర్రాడు తాను నేర్చుకున్న నియమాలన్నీ తలచుకున్నాడు. ఏడాదికి మించి ఏ దేశంలో స్థిరంగా ఉంటే లెక్కకు ఆ దేశపు మనిషే. ఆమె కొంది, విదేశీ డబ్బిచ్చింది. ఎలా చూసినా ఇది ఎగుమతే. పెద్ద అధికారి గట్టిగా ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టాడు. ఫొటోలవాడు సిద్ధంగా ఉండటం వల్ల లక్ష్మీపతి ఆ మాల వేయక తప్పలేదు.

వేశాక కూడా అతను ఆశ చావక, తిరుగు టికెట్టు ఎల్లుండికి ఉందనీ, పోయేటప్పుడు తన చీరలు కొన్ని పట్టుకుపోయి అక్కడ చూపించమనీ చెప్పాడు. రప్పించడం గురించే తప్ప, రానుపోనులో పోను అనేదొకటి ఉందని శ్రీరంగప్పకు ఇన్నాళ్లూ తట్టనే లేదు.

సువర్ణ సంచిలోంచి టికెట్టు తీసి సావుకారు చేతిలో పెట్టింది. "నేను పోనన్నా," అని, మొగుడి వైపు తిరిగింది. "మగ్గం మీద ఉండే చీర నాదే గదా? ఈసారి దినారు లేదు. రూపాయే ఇస్తా."

అంతమంది ముందు శ్రీరంగప్ప కండువాలో ముఖం దాచుకుని ఏడ్చాడు. రూపాయి బేరం తన లెక్కలోకి రాదని ఉదయ్ కుమార్ కలం జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఏడాది ఆ వీధి నుంచి కువైట్‌కు పట్టుచీరల ఎగుమతి పూర్తిగా పడిపోయింది. కారణం కనుక్కోవడానికి పై ఆఫీసువాళ్లు ఇంకో మనిషిని పంపుతున్నారట.