నోఖదా నీళ్ళలో ఉప్పు

"నీలం బకెట్లో శనగలు నానబోసిందెవరు?" అని హెస్సా పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

ఆ ఇంట్లో శనగలు నానబోసేది అత్తగారు మోజా ఒక్కతే. కాబట్టి అది ప్రశ్న కాదని ఆవిడకి తెలుసు.

"బకెట్టుకి కూడా పేరూ ఊరూ ఉంటాయా?"

"ఉంటాయి. అది చేపది. మసాలా వాసన తగిలినా దానికి పడదని ఎన్నిసార్లు చెప్పాను అత్తయ్యా?"

"చేపకో బకెట్టు, చేపకో దీపం, చేపకో మందు. నేను మోకాలు నొప్పంటే మాత్రం కాస్త నడవమంటారు."

"ఉడికాక అవి ఎందులో నానాయో ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు ఈసా, కాఫీ కప్పులోంచి తలెత్తకుండా. భార్యా తల్లీ ఒకేసారి అతని వైపు చూశారు. ఆ రోజు అతను ఆఫీసుకి ముందే బయల్దేరాడు.

హెస్సా బాధ బకెట్టు గురించి కాదు, నోఖదా గురించి. నోఖదా అంటే పడవ పెద్ద. వాళ్ళ దీవి ముహర్రక్‌లో ఆ మాటకి ఇంకా గౌరవం ఉంది. ఆమె తండ్రి తన ఆఖరి వేటలో తీగబోనులో పడిన అరచేతంత అన్ఫూజ్ చేపపిల్లని, కూరకి చాలదంటూ తెచ్చి కూతురి చేతిలో పెట్టి, ఆ పేరు పెట్టాడు. ఆయన పోయాడు. చేప పళ్ళెమంత అయింది. నీలం ఒంటి మీద పసుపు పట్టీతో తొట్టెలో అటూ ఇటూ తిరుగుతూ, ఇంట్లోవాళ్ళని తనిఖీ చేస్తున్నట్టు చూసేది. ఇప్పుడు దాని ఒంటి నిండా తెల్ల చుక్కలు. తిండి ముట్టడం లేదు. రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటోంది.

మందు ఒక్కటే. చేపని వేరే తొట్టెలోకి మార్చి, నీళ్ళలో ఉప్పుని మెల్లగా తగ్గించుకుంటూ సముద్రంలో ఉండేదానిలో మూడో వంతుకి దించాలి. అంత చప్పటి నీళ్ళు చేప ఓర్చుకుంటుంది, దాన్ని పట్టిన పురుగు ఓర్చుకోలేదు. నెలపాటు అలాగే ఉంచాలి. మధ్యలో ఉప్పు పెరిగితే పురుగు మళ్ళీ లేస్తుంది. ఒక్కసారిగా పెరిగితే చేపే పోతుంది.

"సముద్రంలో పుట్టినదానికి ఉప్పు లేకుండా చేస్తావా?" అంది మోజా, హాల్లో కొత్త తొట్టె ముందు కూర్చుని. "దీనికి పురుగూ లేదు, పుట్రా లేదు. దిష్టి. మొన్న శుక్రవారం ఎదురింటి ఉమ్ జాబెర్ వచ్చి ఏమంది? 'అబ్బో, ఆరుగురికి అన్నంలోకి సరిపోతుంది' అంది. దిష్టి తగలకుండా మాషా అల్లా అందా?"

"అనలేదు."

"మరి?"

"దిష్టి తగిలితే తెల్ల చుక్కలు రావు అత్తయ్యా."

"నీకెలా తెలుసు? ఇదివరకు చేపని చూసి కుళ్ళుకున్నవాళ్ళెవరు?"

హెస్సా కాలేజీలో రసాయనశాస్త్రం చదివింది. ఈ ప్రశ్న అందులో రాలేదు.

రెండు రోజులు కొంచెం కొంచెంగా ఉప్పునీళ్ళు తోడి, మంచినీళ్ళు పోసింది. కంటికి ఆనించి చూసే ఉప్పు కొలత గొట్టంలో గీత అనుకున్న చోటికి దిగింది. మర్నాడు పొద్దున చూస్తే గీత పైకెక్కి ఉంది. గొట్టం చెడిందేమోనని శుద్ధమైన నీటిచుక్క వేసి చూసింది. సున్నా చూపించింది. మళ్ళీ తోడింది, మళ్ళీ పోసింది. మళ్ళీ పెరిగింది. గొట్టం తప్పు కాదు, లెక్క తప్పు కాదు. ఇక మిగిలింది కుళాయి. సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే కర్మాగారంలో పనిచేసే మరిది ఘానిమ్‌కి ఫోన్ చేసింది.

"ఘానిమ్, కుళాయిలో ఉప్పునీళ్ళేమైనా వస్తున్నాయా?"

"వదినా, మా ఇంట్లో వంట బాగాలేదను, పడతాను. మా నీళ్ళని మాత్రం అనకు."

అన్నాడే గాని సాయంత్రానికి సీసాతో వచ్చాడు. హెస్సా చేపకి రొయ్య ముక్క చూపించి బతిమాలుతుండగా, అతను వంటింట్లోకి వెళ్ళి, ఎదురుగా నిండుగా ఉన్న నీలం బకెట్టులోంచి, కుళాయి నీళ్ళే అనుకుని, సీసా ముంచుకుని వెళ్ళిపోయాడు. అందులో ఉన్నవి ఆమె తొట్టెలోంచి తోడిపోసిన నీళ్ళు.

మర్నాడు పరీక్షలో ఉప్పు తేలింది. ఘానిమ్ ఎవరికీ చెప్పొద్దని భార్యకి చెప్పాడు. ఆవిడ ఎవరికీ చెప్పొద్దని ఉమ్ జాబెర్‌కి చెప్పింది. మధ్యాహ్నానికి వీధి చివరి కోల్డ్ స్టోర్ కిరాణా కొట్లో నీళ్ళ సీసాలు అయిపోయాయి. ముందురోజు దాకా హాయిగా టీ తాగినవాళ్ళందరికీ తమ టీ ఉప్పగా ఉండేదని గుర్తొచ్చింది. తన కాళ్ళవాపు ఈ నీళ్ళ వల్లేనని ఒకాయన తేల్చాడు. ఉప్పు సంగతి మొదట కనిపెట్టిన ఇల్లు ఇదేనని తెలిసి, ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చారు. వచ్చినవాళ్ళు హాల్లో కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు చేపని చూశారు.

"ఎంతుందో!" అంది ఒకావిడ.

"కళ్ళు చూడు, మనిషిలా చూస్తోంది," అంది ఇంకొకావిడ.

మోజా ఒక్కొక్కరి నోటి వైపూ చూసి, ఎవరు మాషా అల్లా అన్నారో, ఎవరు అనలేదో మనసులో పెట్టుకుంది.

మర్నాడు గీత మునుపెన్నడూ లేనంత పైకెక్కింది. ఆ సంగతి విన్న ఘానిమ్, వీధిలో గొట్టం పగిలి సముద్రం లోపలికొస్తోందని పైవాళ్ళకి చెప్పాడు. వాళ్ళు యంత్రంతో వచ్చి, సరిగ్గా ఈసా కారు వెనకే వీధి తవ్వి, నీళ్ళు ఆపేశారు. ఆ గొయ్యి చూడటానికి వచ్చినవాళ్ళు కూడా లోపలికి వచ్చి చేపని పలకరించి వెళ్ళారు.

కుళాయిలో నీళ్ళు లేవు. కోల్డ్ స్టోర్‌లో సీసాలు లేవు. నోఖదా తొట్టె మూలకి చేరి, ఒక పక్కకి ఒరిగి, గబగబా ఊపిరి తీస్తోంది. హెస్సా దాని ముందు నేల మీద కూర్చుంది. నాన్న ఇచ్చినవాటిలో ప్రాణమున్నది ఇదొక్కటే. చదువుకున్న చదువంతా పెట్టి దాన్ని తన చేతులతోనే చంపుతోంది. ఏడవాలనిపించింది గాని, ఆ నీళ్ళు కూడా ఉప్పువే కదా అని ఆగింది.

మర్నాడు తెల్లవారుజామున నమాజు కాగానే కొలత గొట్టం పట్టుకుని హాల్లోకి వచ్చింది. తొట్టె ముందు మోజా నిలబడి ఉంది. గుప్పెడు కల్లుప్పు చేపకి ఎదురుగా మూడుసార్లు తిప్పి, పెదవులు కదుపుతూ, తొట్టెలోకి జారవిడిచింది. తర్వాత ఇంకో గుప్పెడు తీసింది.

"ఇది ఎవరి పేరున?" అని అడిగింది హెస్సా.

"యంత్రం నడిపినవాడి పేరున," అంది మోజా, తొణక్కుండా. "వాడు పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు."

హెస్సా గోడకి చేరగిలబడింది. అరవడానికి ఓపిక లేదు. పురుగు సంగతి మళ్ళీ చెప్పడానికి అసలే లేదు. ఈవిడ ముందు రసాయనశాస్త్రం నిలవదని ఆమెకి ఆ క్షణాన తెలిసిపోయింది.

"అత్తయ్యా, దిష్టి తీసిన ఉప్పుని మనం ఏం చేస్తాం?"

"గుమ్మం దాటించి దూరంగా పారేస్తాం."

"ఎందుకు?"

"ఇంట్లో ఉంచుకుంటే ఆ దిష్టి..." మోజా ఆగిపోయింది. చేతిలో ఉప్పు వైపు చూసింది. తొట్టె వైపు చూసింది. "ఇన్ని రోజులుగా ఊళ్ళోవాళ్ళ దిష్టంతా దీనికే తాగిస్తున్నానా?"

హెస్సా కొలత గొట్టాన్ని వెనక్కి దాచుకుంది.

"నిలబడి చూస్తావేం పిల్లా? బకెట్టు పట్టుకురా!"

ఆ పొద్దు ఈసాని పడక మీంచి లేపి మూడు వీధుల అవతలకి నీళ్ళకోసం తోలింది మోజానే. తల్లి చెబితే అతను కారణం అడగడు. కొంచెం కొంచెంగా, హెస్సా చెప్పిన లెక్క ప్రకారమే, ఉప్పు దిగింది. ఈసారి మర్నాడు పొద్దున గీత కదల్లేదు. మోజా కుర్చీ తొట్టె పక్కకి చేరింది. హాలు తలుపు మూతపడింది. వీధిలో తవ్విన గొట్టం నిక్షేపంలా ఉందని తేలి, గొయ్యి పూడ్చారు. ఆ సీసా ఎక్కడ నింపావని ఘానిమ్‌ని పైవాళ్ళు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. కోడి మచ్బూస్ అన్నం, పైన వేయించిన ఉల్లిపాయలు, ఎండునిమ్మకాయ వాసన. ఈసా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు.

"అమ్మా, ఇందులో ఉప్పు..."

"లేదు," అంది మోజా. "అందరూ వినండి. నోఖదాకి నెల నిండేదాకా ఈ ఇంట్లో ఉప్పు ఉండదు. నా చేతికి అందేలా ఉంటే ఏ తెల్లవారుజామునో మళ్ళీ వేస్తాను, నన్ను నేను ఎరుగుదును. సంచీ ఉమ్ జాబెర్‌కి పంపించేశాను. ఆవిడ కళ్ళకి ఆవిడే తిప్పుకుంటుంది."

"నెలా?"

"మళ్ళీ మొదటి నుంచి లెక్క."

ఘానిమ్ మెల్లగా పచ్చడి సీసా కోసం చుట్టూ చూశాడు.

"అదీ పంపించేశాను," అంది మోజా. "చేపని చూసి నేర్చుకోండి. ఒక్క మాటైనా అందా?"

హెస్సా లేచి వెళ్ళి తొట్టెలో రొయ్య ముక్క వదిలింది. నోఖదా మూలలోంచి కదిలి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, తనిఖీ పూర్తి చేసి, గుటుక్కున మింగి, ఇంకో ముక్క కోసం పైకొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఇష్టంగా తిన్నది అదొక్కటే.