ఎమిల్ గారి రెండు సీలు

ఆ శుక్రవారం పొద్దున ఎమిల్ హ్రుష్కా పెట్టుకున్న పనులు మూడు. ముంగిట్లో రాలిన మేపుల్ ఆకులు పోగుచేయడం, సాయంత్రం చర్చి హాల్లో చేపల వేపుడు తినడం, ఈ రెండింటికీ మధ్య ఒక్క ఫోన్ చేసి తన "సీ" క్షేమంగా ఉందో లేదో కనుక్కోవడం. మొదటి రెండూ సజావుగానే జరిగాయి.

సీ అంటే ఎమిల్ ఆరోగ్య బీమా. అమెరికాలో అరవై ఐదు దాటినవాళ్ళకి ప్రభుత్వం మెడికేర్ అనే ఆరోగ్య బీమా ఇస్తుంది. అది చెల్లించగా మిగిలే ఖర్చు కోసం ముందుచూపున్నవాళ్ళు ఒక ప్రైవేటు కంపెనీ దగ్గర అదనపు బీమా కొనుక్కుంటారు. ఎమిల్ పదమూడేళ్ళుగా ఉంచుకున్న అదనపు బీమా పేరు ప్లాన్ సీ. ఈరీ పట్నంలో ఏ డాక్టరు దగ్గరైనా ఆ కార్డు చూపిస్తే మారుమాట ఉండేది కాదు. కొత్తవాళ్ళకి దాన్ని అమ్మడం మానేశారు గనక ఎమిల్ దాన్ని కంటికి రెప్పలా చూసుకునేవాడు. అయితే ప్రభుత్వపు మెడికేర్‌లో కూడా ఏ, బీ, సీ, డీ అని భాగాలున్నాయి. అందులో పార్ట్ సీ అంటే మెడికేర్‌ని తీసుకెళ్ళి ఒక కంపెనీ చేతిలో పెట్టడం. ఆ కంపెనీ చెప్పిన ఆస్పత్రికే వెళ్ళాలి, అది సరేనన్నప్పుడే కోయించుకోవాలి. ఇరవై ఆరు అక్షరాలు చేతిలో ఉండగా అవే అక్షరాలు రెండోసారి వాడిన మహానుభావుడెవరో గాని, వాడికింకా ముసలితనం రాలేదని మాత్రం తెలుస్తూనే ఉంది.

ఎమిల్ గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయింది. జనవరి ఇరవైన మార్చేస్తానని డాక్టర్ ఫెల్ట్‌కాంప్ రోజు ఖాయం చేశాడు. ఇంకా ఆలస్యం చేస్తే మంచిది కాదని కూడా చెప్పాడు. కాబట్టి టీవీలో ఒక పెద్దమనిషి జెండా ముందు నిలబడి "మెడికేర్‌లో మార్పులు! మీ సౌకర్యాలు పోవచ్చు! వెంటనే ఫోన్ చేయండి!" అని అరిచేసరికి, ఎమిల్ అది సాక్షాత్తు ప్రభుత్వమే అనుకున్నాడు.

ఫోనెత్తిన అమ్మాయి పేరు కైలీ. గొంతులో తేనె కారుతోంది.

"చెప్పండి ఎమిల్ గారూ, మీకు సీ కావాలా?"

"కావాలా ఏమిటమ్మాయీ! పదమూడేళ్ళుగా నాది సీ. దాన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను!"

"అంటే పార్ట్ సీయే కదండీ?"

"పార్టో ప్లానో, ఏదైతే ఏంటి? సీ అంటే సీ!"

"అంత గట్టిగా కోరుకునేవాళ్ళు మాకు అరుదండీ" అంది కైలీ, నిజంగానే పొంగిపోయి. "మీ మెడికేర్ నంబరు చెప్పండి. ఒక్కసారి 'అవును' అనండి."

వంటింట్లో పియెరోగీలనే బంగాళాదుంప కజ్జికాయలు వత్తుతున్న భార్య వెర్నా తల బయట పెట్టి "ఎవరికి చెబుతున్నావు నంబరు?" అంది.

"ప్రభుత్వానికి" అని, ఎమిల్ ఫోన్లోకి "అవును" అన్నాడు. ఆ మాట రికార్డయింది.

నవంబరు చివర్లో తళతళలాడే కొత్త కార్డొకటి వచ్చింది. దాని మీదా సీ అనే ఉంది. డ్రాయర్‌లో పాత కార్డు పక్కన దాన్ని పెట్టి చూసి వెర్నా నొసలు ముడిచింది.

"నీకు రెండు సీలెందుకయ్యా? ఎక్కడో తిరకాసుంది. పాతవాళ్ళకి ఫోన్ చేసి అడుగు."

ఎమిల్ ఉద్యోగం చేసినన్నాళ్ళూ రైలింజన్ల ఫ్యాక్టరీలో విడిభాగాల గోదాము చూసినవాడు. ఒకే వస్తువు రెండుసార్లు వస్తే ఏం చేయాలో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. పాత కంపెనీకి ఫోన్ చేసి "నాకు పొరపాటున రెండు సీలొచ్చాయి. ఒకటి తీసేయండి" అన్నాడు.

"మీకు పార్ట్ సీ ఉందా సార్?" అన్నాడు అవతలివాడు.

"కార్డు నా చేతిలోనే ఉంది."

"అయితే మా బీమా మీకు పనికిరాదు సార్, రెండూ కలిపి వాడకూడదు. రద్దు చేసేయమంటారా?"

"ఎక్కువైంది రద్దు చేయండి. అదేగా నేను మొత్తుకునేది!"

పాత కంపెనీ ఇంత మర్యాదగా, ఇంత చురుగ్గా పని చేయడం పదమూడేళ్ళలో అదే మొదటిసారి. డిసెంబరు ఆఖరికి ప్లాన్ సీ కాలం చేసింది.

జనవరిలో ఆపరేషన్‌కి ముందు చేసే పరీక్షల కోసం వెళితే, ఆస్పత్రి కౌంటరులో అమ్మాయి కొత్త కార్డుని అటూ ఇటూ తిప్పి వెనక్కిచ్చేసింది. "ఇది ఇక్కడ చెల్లదండీ. మీ కంపెనీ డాక్టరు పిట్స్‌బర్గ్‌లో ఉన్నాడు. ఆయన కోయాలన్నా వాళ్ళు ముందుగా అనుమతివ్వాలి."

అనుమతి కోసం అర్జీ వెళ్ళింది. వారంలో కంపెనీ నుంచి కవరొచ్చింది. వెర్నా ఆత్రంగా చించితే లోపల ఉచిత జిమ్ కార్డు, దాంతోపాటు ఒక టోపీ ఉన్నాయి. ఆపరేషన్ మాత్రం పరిశీలనలో ఉందట.

"గదిలోంచి గదిలోకి నడిస్తేనే ఆయాసపడేవాడికి జిమ్మా!" అని వెర్నా టోపీని విసిరికొట్టింది. అప్పుడే కాఫీకి వచ్చిన పక్కింటి కాజ్, కార్డుని ఆశగా చూశాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, జిమ్‌లో వెచ్చటి నీళ్ళ కొలనుంది. "తీసుకోరా, ఎవడో ఒకడు బాగుపడనీ" అన్నాడు ఎమిల్. కాజ్ మర్నాటి నుంచే ఈతకి తయారయ్యాడు.

జనవరి ఇరవై వచ్చింది, పోయింది. చివరికి లైబ్రరీలో వృద్ధులకి ఉచితంగా బీమా సలహాలిచ్చే టిల్లీ దగ్గరికి వెళ్ళారు. రిటైరైన లెక్కల టీచరు. అంతా విని ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎమిల్, పార్ట్ సీ వేరు, ప్లాన్ సీ వేరు. నువ్వు పనికిమాలినదాన్ని పట్టుకుని పనికొచ్చేదాన్ని పారేశావు."

ఎమిల్ చెవులు ఎర్రబడ్డాయి. వెర్నా తన కుర్చీని ఆయన పక్కకి జరుపుకుంది.

"ఒక దారుంది" అంది టిల్లీ. "పార్ట్ సీలో చేరడం ఇదే మొదటిసారైతే, ఏడాదిలోపు వెనక్కి రావచ్చు. ప్రశ్నలేమీ అడగరు. ఇదే మొదటిసారేగా?"

వెర్నా నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది. "ఆ టర్కీ కోడి!"

రిటైరైన కొత్తలో ఎవరో టర్కీ కోడిని ఊరికే ఇస్తామంటే ఎమిల్ ఒక పార్ట్ సీలో చేరి, రెండు నెలలకే బయటపడ్డాడు. ఆ సంగతి ఆయన మరిచిపోయినా, కంప్యూటరు మరిచిపోలేదు.

"ఆ కోడి కూడా చెక్కలా ఉండింది" అన్నాడు ఎమిల్ నీరసంగా.

ఇక మిగిలింది ఆరోగ్యం మీద ప్రశ్నలకి జవాబులు రాసి పాత కంపెనీని బతిమాలుకోవడమే. 'మీకు ఆపరేషన్ అవసరమని ఏ డాక్టరైనా చెప్పారా?' అన్నది అందులో మొదటి ప్రశ్న. ఎమిల్ నిజమే రాశాడు.

ఫిబ్రవరిలో ఒకే రోజు రెండు ఉత్తరాలొచ్చాయి. మీ గుండె మరీ పాడైంది కాబట్టి మీకు బీమా ఇవ్వలేమని పాత కంపెనీ రాసింది. మీరు వారానికి మూడుసార్లు నలభై నిమిషాలు ఈదుతున్నట్టు జిమ్ లెక్కల్లో ఉంది కాబట్టి మీకు ఆపరేషన్ ఇప్పట్లో అక్కర్లేదని కొత్త కంపెనీ రాసింది. వెర్నా ఆ రెండింటినీ ఫ్రిజ్ తలుపు మీద పక్కపక్కన అంటించి, వాటి ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. నలభై తొమ్మిదేళ్ళుగా కాపురం చేసిన మనిషి బీమా ఇవ్వడానికి మరీ జబ్బువాడట, కోయించుకోవడానికి మరీ ఆరోగ్యవంతుడట.

కాజ్ టోపీ తీసి చేతిలో నలుపుతూ "వాళ్ళకి నిజం చెప్పేస్తాను" అన్నాడు.

"చెబితే నిన్ను దొంగంటారు, నన్ను నీ తోడుదొంగంటారు" అన్నాడు ఎమిల్. "ఆ జిమ్ రద్దు చేసుకుని, మళ్ళీ అర్జీ పెడతాను."

రద్దు చేసుకోవాలంటే సభ్యుడే స్వయంగా రావాలట. ఆఫీసు మేడ మీదుందట. లిఫ్టు మరమ్మతులో ఉందట. కింద గేటు దగ్గర, కాజ్ తిరిగిచ్చిన కార్డు గీకి, వెర్నా వద్దంటున్నా వినకుండా ఎమిల్ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. పదకొండో మెట్టు మీద ఆగి, రెయిలింగు పట్టుకుని, "వెర్నా, ఒక్క నిమిషం కూర్చుంటాను" అన్నాడు. కూర్చోలేదు, పడిపోయాడు.

ప్రాణం మీదికొస్తే దగ్గరున్న ఏ ఆస్పత్రైనా చేర్చుకోవాలి, ఏ కంపెనీ అయినా ఖర్చు భరించాలి. అన్ని సీలకీ వర్తించే రూలు అదొక్కటే. అంబులెన్సు తిన్నగా ఫెల్ట్‌కాంప్ ఆస్పత్రికే వెళ్ళింది. జనవరి నుంచి కాగితాల్లో నలిగిన పనిని ఆయన ఎవరినీ అడగకుండా ఒక్క పూటలో ముగించేశాడు.

"బతికాడు" అన్నాడు బయటికొచ్చి. "జనవరిలో చేసుంటే గుండె ఇంత దెబ్బతినేది కాదు."

వెర్నా ఆయనకి దణ్ణం పెట్టలేదు, ఏడవనూ లేదు. "మనిషి పడిపోతేగాని నమ్మరన్నమాట" అంది గోడతో చెబుతున్నట్టు.

ఎమిల్ ఇప్పుడు ముంగిట్లోకి కూడా చేతికర్ర లేనిదే వెళ్ళలేడు. ప్లాన్ సీ తిరిగి రాలేదు, రాదు. మేడ మీదికి చేరి సంతకం పెట్టలేకపోయాడు కాబట్టి జిమ్ సభ్యత్వం మాత్రం ఇప్పటికీ చెల్లుతోంది.