కదపని గది

ఆ ఉదయం కోళ్ల డాక్టరమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికల్లా రెండు గదుల కోళ్లకీ రక్తం తీయాలి, సాయంత్రానికి ఫలితం పెద్ద డాక్టరుగారికి చూపించాలి. ఎడమ గదిలో గుడ్లు పెట్టే కోళ్లను ప్రతి సోమవారం ఒక గూట్లోంచి ఇంకో గూట్లోకి మారుస్తారు. 'కదపని గది' అని బోర్డున్న కుడి గది జోలికి పోరు. కొత్త ముఖాల మధ్య పడ్డ కోడి బెంగపెట్టుకుని జబ్బున పడుతుందని ఆమె నమ్మకం. ఐదు వారాలుగా రెండు గదుల రక్తమూ ఒకేలా వచ్చి ఆ నమ్మకాన్ని వెక్కిరిస్తోంది. ఇది ఆరో వారం, ఇవాళా తేడా రాకపోతే పరిశోధన మూసేస్తానని పెద్ద డాక్టరుగారు తేల్చేశారు.

ఆ కంగారులో ఆమె కళ్లజోడు ఇంట్లో మరిచిపోయింది. అది పట్టుకుని అత్తగారు వచ్చేసరికి కోడలు సూదులకోసం పక్క భవనానికి వెళ్లింది. చీరకి దుమ్మంటకుండా కొక్కేనికున్న తెల్లకోటు తొడుక్కుని, అత్తగారు కుడి గదిలో అడుగుపెట్టారు. లోపల ఒక బొద్దు పెట్ట ఒక బక్క పెట్ట నెత్తిని టకటకా పొడుస్తోంది. అత్తగారి ప్రాణం ఉసూరుమంది.

"ఏమయ్యా, ఈ బక్కదాన్ని తీసి ఆ చివరి గూట్లో పెట్టు."

కోళ్లను చూసుకునే పెద్దాయన తెల్లకోటుకి ఏనాడూ ఎదురు చెప్పినవాడు కాదు. పెట్టాడు. చివరి గూటివాళ్లు నలుగురూ దానిమీద పడ్డారు.

"అయ్యో, వీళ్లకీ పడదా! ఈ గయ్యాళిని అటు మార్చు. ఆ నోరులేనిదాన్ని ఇటు తే."

ఒకటి మారిస్తే రెండు మార్చాల్సి వచ్చింది, రెండు మారిస్తే నాలుగు. అరగంటలో గదినిండా ఈకలు, చెవులు చిల్లులుపడే గోల. ఒక్క కోడీ తన గూట్లో లేదు.

"అత్తయ్యా! ఇది కదపని గది! బోర్డు చూడలేదా?" గుమ్మంలో కోడలు కెవ్వుమంది.

"ఎలా చూడనమ్మా, నా దగ్గరున్నది నీ కళ్లజోడాయె."

డాక్టరమ్మ దాణా బస్తామీద కూలబడి నిజంగానే ఏడ్చేసింది. ఆరు వారాల కష్టం మట్టిపాలు. ఆ ఏడుపు చూసి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట చెబితే తిట్టరు కదా అమ్మా? ఎడమ గది కోళ్లు కొత్త గూట్లో తిండి మానేసి నిలబడేవి. చూడలేక, మీరు అటు వెళ్లగానే ఎవరి గూటికి వాళ్లని చేర్చేశాను."

"ఎన్నిసార్లు?"

"ఒక్క సోమవారం కూడా తప్పలేదమ్మా. మీరు కాలి రింగు చూస్తారు గానీ గూడు చూడరు కదా!"

డాక్టరమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. అంటే ఇన్నాళ్లూ ఎడమ గదీ కదల్లేదు, అందుకే రక్తంలో తేడా రాలేదు! ఇప్పుడు కదిలింది కుడి గది! ఆమె లేచి, మేకులనుంచి రెండు గదుల బోర్డులూ తీసి, అటుది ఇటు, ఇటుది అటు తగిలించింది. జరిగింది జరిగినట్టు పెద్ద డాక్టరుగారికి చెప్పింది. ఆయన కడుపు పట్టుకుని నవ్వి, మళ్లీ మొదటినుంచి ఆరు వారాలిచ్చారు. సోమవారాలు మాత్రం పెద్దాయనకి సెలవు.

ఆనందం పట్టలేక కోడలు అత్తగారిని వాటేసుకుంది. "అయినా, పడనివాళ్లని విడదీయాలని మీకెలా తోచింది అత్తయ్యా?"

"ఇంట్లో చేసిందేగా! గయ్యాళినీ నోరులేనిదాన్నీ ఒకచోట ఉంచకూడదు. నీ తోడికోడల్ని కింద, నిన్ను మేడమీద పెట్టాకే కదా ఇల్లు చల్లబడింది."

"మరి మా ఇద్దరిలో గయ్యాళి ఎవరు?"

అత్తగారు కళ్లజోడు ఆమె చేతిలో పెట్టి, బస్సుకి వేళయిందన్నారు.