వంటనూనె కలిపిన రంగు

తెల్లారగానే పార్కు తోటమాలి బెంచీకి పచ్చరంగు వేద్దామనుకున్నాడు. సాయంత్రం పెద్ద అధికారి వస్తాడు. బెంచీ మీద జనం కనబడకపోతే పార్కు తీసేసి బండ్లు నిలిపే చోటు చేస్తారట. అప్పుడు తోటమాలికి కొలువూ ఉండదు, పార్కు మూలనున్న గదీ ఉండదు.

అది గుండ్రటి బెంచీ. ఎదురెదురుగా ముఖాలు కనబడితే జనం కలుస్తారని అధికారే అలా కట్టించాడు. ఎగువ వీధికీ దిగువ వీధికీ మాటల్లేవు. ముఖాలు కనబడుతున్నాయనే రెండు వీధులూ రావడం మానేశాయి.

డబ్బా తెరిస్తే రంగు ముద్దలా ఉంది.

"ఏమే, ఇందులో ఏం కలపాలి?" అని భార్యని అడిగాడు.

"వంటనూనె పోసెయ్యి. అదీ జిడ్డే, ఇదీ జిడ్డే."

పోశాడు. బెంచీ నిగనిగలాడింది. ఆ హుషారులో ఎగువ వీధికి పోయి, "సాయంత్రం రండి, వాళ్లు రారు" అన్నాడు. దిగువ వీధిలోనూ అదే చెప్పాడు.

రెండు వీధులూ ఒకేసారి దిగాయి. ముందు కూర్చోవాలన్న ఆత్రంలో రంగు సంగతి ఎవరూ చూడలేదు. తోటమాలి బెంచీ మీద వేలు పెట్టి చూసి అదిరిపడ్డాడు.

"లేవండి బాబూ, నూనెకి రంగు ఆరలేదు!"

"మమ్మల్ని లేపి వాళ్లని కూర్చోబెడతావా?" అంది దిగువ వీధి దర్జీ ఆవిడ, వీపు ఇంకాస్త ఆనించి.

"ముందు వాళ్లని లెమ్మను" అన్నాడు ఎగువ వీధి పంతులు.

కాసేపటికి పంతులే పోట్లాటకు లేచాడు. వెనక్కి తిరిగేసరికి వీపు నిండా పచ్చటి చారలు. దర్జీ పడీపడీ నవ్వి తానూ లేచింది. ఈసారి పంతులు నవ్వాడు. ఇక అందరూ లేచి వీపులు తడుముకున్నారు. ఎవరి చెయ్యీ వాళ్ల వీపుకి అందలేదు.

తోటమాలి భార్య కిరసనాయిలూ గుడ్డపేలికలూ తెచ్చింది.

"ఇటు తిరగండి పంతులుగారూ, బట్ట పాడవకుండా తుడుస్తా" అంది దర్జీ. "మీరు మా అత్తని చూడండి."

గుండ్రంగా నిలబడి ముందువాడి వీపు వెనకవాడు తుడవసాగాడు. చారలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏ వీపు ఏ వీధిదో తెలియలేదు.

అప్పుడొచ్చాడు అధికారి.

"చూశారా! నేను చెప్పలే? అంతా గుండ్రటి బెంచీ మహిమ. పార్కు ఎక్కడికీ పోదు!" అని మురిసిపోయి, బెంచీ మీద హాయిగా వెనక్కి వాలి కూర్చున్నాడు.

తోటమాలి నోరు తెరవబోయాడు. భార్య మోచేత్తో పొడిచింది.

ఆ సాయంత్రం రెండు వీధులూ మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డాయి. ఆయనకి ఎవరూ చెప్పలేదు.