ఒక వెంట్రుకపై తొమ్మిది రోజుల పరిశీలన

నిప్పు కనిపెట్టిన తర్వాత మానవజాతి చేసిన రెండో ఘనకార్యం నేర పరిశోధనశాలలో వెంట్రుకల విభాగం పెట్టడం. మూడోది దానికి నన్ను అధికారిగా వేయడం. (మూడోదాని మీద భిన్నాభిప్రాయాలున్నాయి. అన్నీ మా ఆవిడవే.)

ఆ సోమవారం నగల దుకాణం చోరీ కేసులో, దొంగ అక్కడ వదిలేసిన చేతిరుమాలు ఒకటి పరీక్షకు వచ్చింది. దుకాణం తాళం నీటుగా తెరిచి ఉంది కాబట్టి, ఆ వీధిలో తాళాలు బాగుచేసే మనిషిని పోలీసులు లోపలేశారు. వేరే సాక్ష్యం లేదు. రుమాలు మీద మాత్రం ఒకే ఒక వెంట్రుక దొరికింది. అది అతనిది కాదని నేను రాస్తే ఇంటికెళ్తాడు. అతనిదేనని రాస్తే ఏడేళ్లు.

సూక్ష్మదర్శిని కింద పెట్టాను. వెంట్రుకకు కుదురు లేదు. రెండు చివర్లూ కత్తిరించి ఉన్నాయి. పైపొర రసాయనంతో కడిగేసి ఉంది. రంగు ముదురు గోధుమ, నంబరు నాలుగు. నంబరు ఎలా తెలిసిందంటే, కొనేటప్పుడు నేనే ఎంచుకున్నాను.

అది నా విగ్గుది. రుమాలు విప్పి దాని మీదికి వంగినప్పుడు రాలింది.

ఇలాంటి ప్రమాదాలకు మా దగ్గర పద్నాలుగో నిబంధన ఉంది. సిబ్బంది అందరి వెంట్రుకలూ నమూనాగా భద్రపరచాలి, ఎవరిదైనా సాక్ష్యం మీద పడితే గుర్తుపట్టి తీసేయడానికి. నావి ఉద్యోగంలో చేరిన రోజే తీసుకున్నారు. కవరు మీద ‘ఒత్తుగా ఉంది’ అని రాసి ఉంటుంది. విగ్గు నమూనా మాత్రం లేదు. (విగ్గు మా ఉద్యోగి కాదు. నాలాగే రోజూ హాజరవుతుంది, అంతే.)

నిజం రాస్తే నివేదికలో ‘అధికారి విగ్గు’ అన్న మాట పడుతుంది. నివేదిక ఆరు ప్రతులు తీసి ఆరు కార్యాలయాలకు పంపుతారు. కాబట్టి శాస్త్రీయంగా ఆలోచించి ఇలా రాశాను: “పోలిక ఉందని చెప్పలేం. లేదనీ చెప్పలేం. నిందితుడి నుంచి మరో పాతిక వెంట్రుకలు పంపవలెను.”

పీకి పంపారు. చాలవని రాశాను. మళ్లీ పీకి పంపారు.

తాళాలాయన భార్య రోజూ పొద్దున్నే వచ్చి మా వరండా బెంచీ మీద కూర్చునేది.

“ఏమైందయ్యా?”

“పరిశీలనలో ఉందమ్మా.”

“ఒక్క వెంట్రుకకి ఇన్నాళ్లా? మా ఆయనది ఉంగరాల జుట్టయ్యా. కంటితో చూస్తేనే తెలిసిపోద్ది కదా!”

“కంటితో చూసి చెప్పేస్తే ఇక శాస్త్రం ఎందుకమ్మా?” అన్నాను. (అంటూ విగ్గు సర్దుకున్నాను.)

తొమ్మిదో రోజు ఆవిడ బెంచీ మీద కూర్చోకుండా నా బల్ల దగ్గరికే వచ్చింది. కాగితంలో చుట్టిన దువ్వెన ఒకటి నా చేతిలో పెట్టింది.

“ఆయన వాడిందేనయ్యా. దీనికేమైనా ఉంటాయేమో చూసుకోండి. పాపం, ఆయన తల మీద ఇక తియ్యడానికి లేవంట.”

నేరుగా డైరెక్టర్ గదిలోకి వెళ్లాను. విగ్గు తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

“సార్, ఆ వెంట్రుక దీనిది.”

ఆయన ఫైలు లోంచి తల ఎత్తలేదు. “తెలుసయ్యా.”

“ఎవరికి సార్?”

“అందరికీ. మొదటి రోజే సూక్ష్మదర్శినిలో తీసిన ఫొటో చూసి మీ అసిస్టెంటమ్మాయి వచ్చి చెప్పింది.”

“మరి నాతో ఒక్కరూ అనలేదేం?”

“బాగుంటుందా? నువ్వు బాధపడవూ!”

సాయంత్రానికి నివేదిక మార్చి రాశాను. రాత్రికి అతన్ని వదిలేశారు. మా విభాగంలో ఒకరి మనసు ఒకరం నొప్పించుకోం. జైల్లో ఉండే పని వేరేవాళ్లకి అప్పజెబుతాం.